విశాఖ ఉక్కపోతలో కుక్క తిండి, పిల్లి తిండి: బూజు విషం చేరకుండా ఏం చేయాలి

జూన్‌లో మొదలైన చెమ్మ విశాఖలో డిసెంబరు దాకా అప్పడాల డబ్బానే వదలదు, కుక్క తిండి సంచీని వదులుతుందా? గింజలు మెత్తబడితే కాసేపు ఎండలో పోసి మళ్ళీ పెట్టేస్తాం. బూజు కనబడితే పైపైన నాలుగు గింజలు ఏరి పారేసి మిగతాది వాడేస్తాం. ఈ రెండు అలవాట్లూ మానుకోవాలి. బూజుని ఏరేయవచ్చు గానీ, అది తిండిలోకి వదిలిన విషాన్ని ఏరలేం. ఆ విషం కంటికి కనబడదు, వాసన రాదు, ఉడికిస్తే పోదు. కాబట్టి కొనే దగ్గర నుంచి పారేసే దాకా ఏ పని ఎలా చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఈ విషం సంగతి

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు మొక్కజొన్న, వేరుశనగ, పత్తి గింజ, నూకల మీద పెరుగుతుంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి, దానికి తోడు చెమ్మ దొరికితే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ వేడీ ఆ చెమ్మా మన ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు ఉంటాయి. అఫ్లాటాక్సిన్ దెబ్బ ముఖ్యంగా కాలేయం మీద పడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి వేసిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో దీన్ని మొదటిసారి పట్టుకున్నారు.

మన దేశంలో జరిగింది ఇంకా ఘోరం. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వర్షానికి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు. కామెర్లు, పొట్టలో నీరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి చూస్తే, ఆ ఊళ్ళలో అదే తిండి తిన్న కుక్కలకీ అవే లక్షణాలు వచ్చి చచ్చిపోయినట్టు తేలింది. "కుక్క కడుపుకేటవుద్ది, రాళ్ళేసినా అరిగించుకుంటాది" అనే పెద్దలు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఈ విషం విషయంలో ఆ మాట బొత్తిగా చెల్లదు.

అది ఊరి మొక్కజొన్న, మాది కంపెనీ సంచీ అంటారా? 2005లో అమెరికాలో ఒక కంపెనీ కుక్క తిండి వల్ల వందకు పైగా కుక్కలు చనిపోయాయి. 2020 డిసెంబరు చివర్లో మరో కంపెనీ సంచీల్లో అఫ్లాటాక్సిన్ బయటపడింది. ఆ తిండితో ముడిపడినవిగా అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి అందిన లెక్కలో చనిపోయినవి 110కి పైగా, జబ్బుపడినవి 210కి పైగా ఉన్నాయి. అక్కడ పెంపుడు జంతువుల తిండికి పెట్టిన హద్దు కిలోకి 20 మైక్రోగ్రాములు. అంటే 10 కిలోల సంచీ మొత్తంలో 200 మైక్రోగ్రాములు. ఆవగింజ బరువులో అది పదో వంతుకు మించదు. కంటితో చూసి కనిపెట్టేస్తాం అనుకోవడం ఎంత వృథానో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫ్యాక్టరీలో గింజల పిండిని అంత వేడి మీద ఉడికించి తీస్తారు కదా అనే అనుమానం రావచ్చు. ఆ వేడికి బూజు చస్తుంది, విషం కొంతే తగ్గుతుంది. అఫ్లాటాక్సిన్ పూర్తిగా విరిగిపోవాలంటే 250 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. మీ ప్రెషర్ కుక్కర్‌లో వచ్చేది 120.

ఇంకో సంగతి. మనం ఇవాళ ఇడ్లీ, రేపు ఉప్మా, మధ్యాహ్నం అన్నం తింటాం. కుక్క నెలంతా ఒకే సంచీలోంచి తింటుంది. సంచీలో కొద్దిపాటి విషం ఉన్నా రోజూ పూటపూటా దాని కాలేయానికి చేరుతూనే ఉంటుంది.

దీనికి తోడు ఇంకొన్ని బూజు విషాలున్నాయి. ఓక్రాటాక్సిన్ అనేది కిడ్నీలని పాడుచేస్తుంది. గోధుమ, మొక్కజొన్నల్లో వచ్చే డీఆక్సీనివలెనాల్ తింటే కుక్కలూ పిల్లులూ వాంతులు చేసుకుంటాయి, గిన్నె ముట్టవు. బూజుపట్టిన రొట్టె, చీజ్, చెత్తకుప్పల్లో పుట్టే పెనిట్రెమ్ అనేది నరాల మీద పడుతుంది. దాని గురించి కింద మళ్ళీ చెప్తాను.

మొదటి పని: లెక్క వేసుకుని చిన్న సంచీ కొనండి

పెద్ద సంచీ కిలో ధర తక్కువ పడుతుందని అందరం అదే ఎత్తుకొస్తాం. ముందు లెక్క చూడండి. 30 కిలోల లాబ్రడార్ రోజుకి సుమారు 350 నుంచి 400 గ్రాములు తింటుంది. 10 కిలోల సంచీ దానికి నెలలోపే అయిపోతుంది, పరవాలేదు. అదే సంచీని 5 కిలోల పామరేనియన్ ఉన్న ఇంటికి తెస్తే మూడు నెలలకు పైగా ఉంటుంది. 4 కిలోల పిల్లి రోజుకి 50, 60 గ్రాములు తింటుంది కాబట్టి 3 కిలోల సంచీ దానికి దాదాపు రెండు నెలలు. తెరిచిన సంచీ నెలలోపు అయిపోవాలి. వానాకాలంలో మూడు వారాలు అనుకుంటే ఇంకా మంచిది. దాన్నిబట్టి సైజు ఎంచుకోండి. ధరలో మిగిలే నూటయాభై, రెండొందల కోసం మూడు నెలల పాటు చెమ్మతో యుద్ధం చేయడం నా దృష్టిలో దండగ.

ఒకే బ్యాచ్ సంచీలు రెండు మూడు ఒకేసారి కొని పెట్టుకోవద్దు. అందులో విషం ఉంటే నెలల తరబడి అదే విషం పెట్టినట్టవుతుంది.

కొట్లో చూడవలసినవి: సంచీ కింద, మూలల దగ్గర చేత్తో తడమండి. నీటి మరకలు, ఎండిపోయిన తెల్లటి చారలు, ఎలుక కొరికిన చిల్లు, టేపు అంటించిన చోటు ఉంటే వదిలేయండి. ఫుట్‌పాత్ మీదకి సంచీలు పేర్చి, వాన వస్తే పైన పరదా కప్పే కొట్లు మన బజార్లలో చాలానే ఉన్నాయి. కింది వరస సంచీ నేల చెమ్మ పీల్చి ఉంటుంది, పైది అడగండి. తయారీ నెల, సంవత్సరం, బ్యాచ్ నంబరు, కంపెనీ చిరునామా చదవగలిగేలా ఉండాలి. తేదీ మీద ఇంకో స్టిక్కరు అంటించి ఉంటే ఆ సరుకు మనకొద్దు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె తడిసి వచ్చిందేమో డెలివరీ అబ్బాయి ఉండగానే చూసుకోండి.

లూజుగా అమ్మేది మాత్రం కొననే కొనొద్దు. 20 కిలోల సంచీ విప్పి, కిలో కిలో పాలిథిన్ కవర్లలో కట్టి అమ్ముతారు. అది ఏ కంపెనీదో కొట్టు ఆయన మాటే ఆధారం. ఏ బ్యాచో, ఎప్పుడు విప్పారో ఎవరికీ తెలియదు. రేపు కుక్కకి ఏమైనా అయితే మీ చేతిలో ఉండేది ఒక ఖాళీ కవరు.

తుఫాను తర్వాత మరింత జాగ్రత్త కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. గోడౌన్లలోకి నీళ్ళు చేరాయి. అలాంటి వారాల్లో సగం ధరకి సంచీలు దొరికితే, ఎందుకు దొరుకుతున్నాయో ఒక్క క్షణం ఆలోచించండి.

రెండో పని: ఇంటికి తెచ్చాక ఎక్కడ, ఎలా పెట్టాలి

సంచీ విప్పే ముందే ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి. ఒకటి ముందు వైపు, ఇంకోటి బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న చోట. బిల్లు కూడా ఫొటో తీస్తే ఇంకా మంచిది. నిమిషం పని. కంపెనీలు సరుకు వెనక్కి పిలిచేది బ్యాచ్‌ని బట్టే. ఆ నంబరు లేకపోతే మీ సంచీ అందులో ఉందో లేదో మీకే తెలియదు.

గింజల్ని అందమైన డబ్బాలో పోసి సంచీ పారేయడం చాలా ఇళ్ళల్లో చూస్తాం. అలా కాకుండా సంచీనే డబ్బాలో దించండి. పాత బియ్యం డ్రమ్ము, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, ప్లాస్టిక్ టబ్ ఏదైనా సరే. సంచీ మూతిని గాలి పోయేలా చుట్టి, క్లిప్పు పెట్టి, పైన డబ్బా మూత వేయాలి. కంపెనీ సంచీ లోపలి పొర చెమ్మనీ గాలినీ ఆపేలా చేసినది కాబట్టి అది ఉండాలి. ఒకవేళ డబ్బాలోనే పోసుకుంటే పాత పొడి మీద కొత్త సరుకు పోయవద్దు. ప్రతిసారీ డబ్బాని సబ్బుతో కడిగి, బట్టతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే పోయండి. అడుగున మిగిలిన నూనె పొడిలోనే బూజు మొదలవుతుంది.

డబ్బా నేల మీద కాదు, పీట మీద ఉండాలి, గోడకి జానెడు దూరంలో. బాల్కనీ, వాషింగ్ మెషీన్ పక్క, గ్యాస్ పొయ్యి పక్క, ఫ్రిజ్ పైన వద్దు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్ళల్లో సముద్రం గాలి కిటికీలోంచి తిన్నగా వస్తుంది. అక్కడ లోపలి గదే నయం. ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందిగా అంటే, పొడి తిండిని రోజుకి రెండుసార్లు చల్లటి ఫ్రిజ్‌లోంచి ఉక్కలోకి తీస్తే గింజల మీద నీటి చెమట పడుతుంది. ఉన్న చెమ్మ చాలక ఇంకొంత చేర్చినట్టే. డీప్ ఫ్రీజర్‌లో వారానికి సరిపడా పొట్లాలు కట్టి పెట్టుకోవచ్చు, కానీ పొట్లం బయటికి తీశాక విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

కొలిచే చెంచా లేదా గ్లాసు పొడిగా ఉండాలి. తడి చేయి సంచీలో పెట్టవద్దు. చెప్పడానికి చిన్న విషయం, పిల్లలు చేసేది మాత్రం ఇదే.

మూడో పని: ఇంట్లో వండి పెట్టేవాళ్ళు సరుకు చూసి తీసుకోండి

విశాఖలో చాలా కుక్కలు ఇప్పటికీ ఇంటి వంటే తింటాయి. నూకల అన్నం, చికెన్ కొట్టు నుంచి తెచ్చిన కాళ్ళు, మెడలు. పిల్లులకైతే చేప ముక్కలు. ఇంటి వంట కదా, ఇందులో విషం ఎక్కడిది అనుకుంటాం. వంటలో రాదు, సరుకులో వస్తుంది.

నూకలు చాలామంది కుక్క కోసం విడిగా, తక్కువ రకం కొంటారు. అవి బియ్యం మిల్లులో అడుగు బొడుగు. చెమ్మ తగిలి ముక్కిపోయినవి చౌకగా వస్తాయి. గుప్పెడు తీసి నలిపి వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, గింజలు ఉండకట్టినా, బూడిద రంగు లేదా పచ్చని మచ్చ కనబడినా వద్దు. కడిగితే పోతుంది అనుకోకండి. కడిగితే పైన బూజు, దుమ్ము పోతాయి, గింజ లోపలికి దిగిన విషం అక్కడే ఉంటుంది. మీరు తినే బియ్యంలోనే కుక్కకి ఒక గిద్దెడు వేయడం అన్నిటికంటే సులువు.

కోళ్ళ దాణా, పశువుల దాణా కలిపి ఉడికించి పెట్టేవాళ్ళు పెందుర్తి, ఆనందపురం వైపు కనబడతారు. దాణాలో ఉండేది మొక్కజొన్న, వేరుశనగ చెక్క, పత్తి చెక్క. అఫ్లాటాక్సిన్ ఎక్కువగా దొరికే సరుకుల పట్టికలో ముందుండేవి ఇవే. కుక్కకి దాణా వేయకండి. వేరుశనగ గింజలు అలవాటు చేసి ఉంటే ముడుచుకున్నవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరేయండి. నిజానికి కుక్కకి వేరుశనగ అవసరమే లేదు.

చోడి అంబలి పోసే ఇళ్ళు ఉన్నాయి. మంచిదే. చోళ్ళు పొడిగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా పిండి పట్టించుకోండి. గింజగా కంటే పిండిగా ఉన్నప్పుడు చెమ్మ తొందరగా లాగుతుంది.

పిల్లుల కోసం ఫిషింగ్ హార్బర్, పెదజాలరిపేట వైపు నుంచి ఎండు నెత్తళ్ళు తెచ్చుకుంటారు. విరిస్తే పుటుక్కున విరగాలి. వంగి సాగితే లోపల చెమ్మ ఉన్నట్టు. వానాకాలంలో ఎండు చేప సరిగ్గా ఎండదు, అప్పుడు మచ్చలు త్వరగా వస్తాయి. దానికి తోడు ఉప్పు. నా మాట వింటే పిల్లికి ఎండు చేప మానేసి, రేవులో చౌకగా దొరికే చిన్న చేపలు ఉడికించి ముళ్ళు తీసి పెట్టండి. అవైతే బూజు బెడద లేదు.

కొబ్బరి చిప్పల దగ్గర చాలామంది పొరపడతారు. సింహాచలం వెళ్ళొచ్చాక, పండగల తర్వాత ఇంట్లో కొట్టిన చిప్పలు నాలుగైదు రోజులు పడి ఉంటాయి. నల్లటి, ఆకుపచ్చటి బూజు వచ్చాక "మనం తినలేం, దానికి వేసేద్దాం" అని కుక్కకి వేస్తారు. అలాగే బూజుపట్టిన రొట్టె, చీజ్ ముక్క, గులాబీ మచ్చలు తేలిన ఇడ్లీ పిండి. మీరు తినలేనిది ఏదీ దానికి వేయకండి. ముఖ్యంగా రొట్టె, చీజ్ మీద వచ్చే కొన్ని బూజుల్లో పెనిట్రెమ్ ఉంటుంది. తిన్న అరగంట నుంచి కొన్ని గంటల్లోపే కుక్కకి వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చు. నడకకి తీసుకెళ్ళినప్పుడు చెత్తకుండీ దగ్గర గొలుసు దగ్గరగా పట్టుకోవలసింది అందుకే.

వండిన అన్నం ఆ పూటకే. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి అయిపోగొట్టండి.

నాలుగో పని: పెట్టే ముందు చూడండి, తిన్నాక తీసేయండి

పళ్ళెంలో పోసేటప్పుడు ఒక్కసారి వాసన, రంగు, గింజ గట్టితనం చూడండి. కరకరలాడాల్సిన గింజ నొక్కితే అణిగితే, ఉండలు కడితే, మట్టి వాసన వస్తే సంచీ మొత్తం ఆపేయండి. అయితే బాగున్నట్టు కనబడినంత మాత్రాన విషం లేదని కాదు. ఈ పరీక్ష ఇంట్లో పుట్టిన బూజుని పట్టుకోవడానికే గానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విషాన్ని కాదు. నీలి లైటు టార్చి వేస్తే విషం మెరుస్తుందని వీడియోల్లో చూపిస్తారు. మెరిసేది ఆ బూజు వదిలే ఇంకో పదార్థం. మెరిసినా విషం లేకపోవచ్చు, మెరవకపోయినా ఉండవచ్చు. ఆ టార్చి డబ్బులతో ఇంకో చిన్న సంచీ వస్తుంది.

రోజూ తినే తిండిని కుక్క ఉన్నట్టుండి వాసన చూసి వెనక్కి తగ్గితే దాన్ని మొండితనం అనుకోవద్దు. ఆకలి వేస్తే అదే తింటుందని కూర్చోవద్దు. ఆ సంచీ పక్కన పెట్టి ఇంకేదైనా పెట్టి చూడండి. పిల్లి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే, విషం సంగతి అలా ఉంచి, ఆ పస్తు వల్లే దాని కాలేయానికి కొవ్వు పడుతుంది. ఒక రోజు దాటితే డాక్టరుకి చూపించండి.

పాలో పెరుగో నీళ్ళో కలిపిన తిండి అరగంటలో తినకపోతే తీసేయండి. వీధి కుక్కలకి పెట్టేవాళ్ళు కూడా అంతే. కాలనీల్లో నలుగురైదుగురు కలిసి 20 కిలోల సంచీ కొంటుంటే అదే రోజు పంచేసుకుని, బ్యాచ్ ఫొటో అందరి ఫోన్లలో ఉంచండి. వాన పడే వేళ గోడ వారన పోసి వెళ్ళిపోతే తడిసింది మర్నాడు కూడా అక్కడే ఉంటుంది, దాన్ని ఏదో ఒకటి తింటుంది.

ఐదో పని: జబ్బు గుర్తులు వెతకండి

అఫ్లాటాక్సిన్ దెబ్బ రెండు రకాలుగా కనబడుతుంది. ఎక్కువ మోతాదు అయితే కొద్ది రోజుల్లో తిండి మానేయడం, వాంతులు, నీరసం, నల్లటి లేదా రక్తపు విరేచనం, కామెర్లు. తక్కువ మోతాదు వారాల తరబడి వెళ్తే బరువు తగ్గడం, ఎక్కువ నీళ్ళు తాగడం, పొట్ట ఉబ్బడం. కొన్ని కుక్కలు ఏ గుర్తూ చూపించకుండానే చనిపోతాయి. సంచీ మార్చిన రోజు క్యాలెండరు మీద రాసుకుంటే తర్వాత గుర్తుపట్టడం తేలిక.

కామెర్లు చూడటానికి పగటి వెలుతురు కావాలి. పసుపు బల్బు కింద అన్నీ పసుపే. పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు నల్లగా ఉంటాయి, అప్పుడు కంటి తెల్లగుడ్డు, చెవి లోపలి చర్మం చూడాలి. పిల్లికి చెవి లోపల, నోటి పైభాగంలో బాగా తెలుస్తుంది. మూత్రం ముదురు టీ రంగులోకి మారిందేమో చూడండి. చర్మం కింద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం కనబడితే కాలేయం రక్తం గడ్డకట్టించే పని మానేసి ఉండవచ్చు. ఆ రాత్రే వెళ్ళాలి, పొద్దున్న కాదు.

వణుకు, ఫిట్స్ వస్తుంటే నోట్లో నీళ్ళు, మజ్జిగ, నూనె ఏమీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం అసలే వద్దు. చీకటి గదిలో, ఫ్యాను కింద పడుకోబెట్టి, ఆటోలోనో కారులోనో తీసుకెళ్ళండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయకండి. పిల్లికి ఒక్క మాత్రే ప్రాణాంతకం, కాలేయం దెబ్బతిన్న కుక్కకీ ముప్పే. మందుల షాపులో లివర్ టానిక్ తెచ్చి రెండు రోజులు చూద్దాం అనుకునే ఆ రెండు రోజులే పోతాయి. రాత్రి తెరిచి ఉండే క్లినిక్ నంబరు ఇప్పుడే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి.

ఆరో పని: డాక్టరు దగ్గర తిండి మాట మీరే ఎత్తండి

మన దగ్గర కుక్కకి కామెర్లు అనగానే మొదట గుర్తొచ్చేది టిక్ ఫీవర్. పిడుదుల ఊరిది, తప్పు లేదు. రెండోది వానాకాలంలో ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్. ఈ రెండూ చూడాల్సిందే. కానీ తిండి మీద అనుమానం ఉందని మీరు చెప్పకపోతే డాక్టరుకి తట్టకపోవచ్చు. ఏ సంచీ, ఎప్పుడు విప్పారు, ఇంకేం పెడుతున్నారు, ఇంట్లో ఇంకో జంతువు అదే తింటోందా, చెత్తలో ఏమైనా తిన్నదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. సంచీ కూడా తీసుకెళ్ళండి.

రక్త పరీక్షల్లో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్, ఆల్బుమిన్, కొలెస్ట్రాల్, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. ఈ విషంలో కొలెస్ట్రాల్, ఆల్బుమిన్ బాగా పడిపోవడం డాక్టర్లకి ఒక ఆనవాలు. పొట్ట స్కాన్ కూడా అడగవచ్చు. విరుగుడు మందంటూ లేదు. సెలైన్, విటమిన్ కె, కాలేయాన్ని కాపాడే మందులు, అవసరమైతే ప్లాస్మా ఎక్కిస్తారు. ఎంత తొందరగా ఆ తిండి ఆపితే అంత ఆశ. ఇంట్లో రెండో కుక్క హుషారుగా గెంతుతున్నా, అదే సంచీ తిన్నదైతే దానికీ రక్త పరీక్ష చేయించండి.

క్లినిక్‌లో తేలకపోతే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి విజయనగరం జిల్లా గరివిడిలో కళాశాల ఉంది. అక్కడికి పంపమని మీ డాక్టరుని అడగండి. ఖర్మ కాలి జంతువు చనిపోతే, వెంటనే పూడ్చేయకుండా పోస్టుమార్టం గురించి ఆలోచించండి. బాధాకరమే, కానీ మిగతావాటిని కాపాడేది ఆ కాలేయం ముక్కే. శరీరాన్ని ఐసులో ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు.

ఏడో పని: సంచీని దాచి, పరీక్షకి పంపి, ఫిర్యాదు చేయండి

కోపంలో సంచీ బయట పారేయకండి. బూజు సంచీలో అంతటా ఒకేలా ఉండదు. ఒక గుప్పెడులో విపరీతంగా, పక్క గుప్పెడులో సున్నా ఉండవచ్చు. అందుకే పైన, మధ్యన, అడుగున నుంచి తీసి కలిపి, అరకిలో చొప్పున రెండు పొట్లాలు కట్టండి. తేదీ, బ్యాచ్ నంబరు రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకటి పరీక్షకి, రెండోది మీ దగ్గర సీలు వేసి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ని అడిగి, అఫ్లాటాక్సిన్ బీ1, బీ2, జీ1, జీ2 నాలుగు రకాలూ, కిలోకి ఎన్ని మైక్రోగ్రాములో అంకెతో ఇవ్వమనండి. "ఉంది, లేదు" అనే కాగితం పనికిరాదు.

ఆహార భద్రతా అధికారి దగ్గరికి పరిగెత్తకండి. 2006 ఆహార భద్రతా చట్టంలో ఆహారం అంటే మనుషులు తినేది, పశువుల తిండి అందులోకి రాదు. కుక్కలు, పిల్లుల తిండికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 11968 అనే ప్రమాణం పెట్టింది. కంపెనీకి మెయిల్ రాసేటప్పుడు ఆ నంబరు వేసి, మీ బ్యాచ్ అఫ్లాటాక్సిన్ పరీక్ష ఫలితం పంపమని అడగండి. మంచి కంపెనీ అంకె పంపుతుంది, మిగతావి క్షమాపణలు పంపుతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కేసు రెండేళ్ళ లోపు వెయ్యాలి. బిల్లు, ఫొటోలు, డాక్టరు కాగితాలు, ల్యాబ్ రిపోర్టు, దాచిన పొట్లం, ఇవే మీ కేసు.

చివరి పని: పాడైన తిండిని ఎవరి నోటా పడకుండా పారేయండి

నమూనా తీసిపెట్టాక మిగిలినదాన్ని ఆవుకి వేద్దాం, కాకులకి వేద్దాం, కోళ్ళకి చల్లుదాం అనిపిస్తుంది. అన్నం పారేయడం మనకి చేతకాదు. కానీ బాతు పిల్లలు అఫ్లాటాక్సిన్‌కి అందరికంటే ముందు పోయే ప్రాణులు. ఆవు తింటే ఆ విషం అఫ్లాటాక్సిన్ ఎం1గా మారి పాలలోకి దిగుతుంది. పాలలో దానికి మన దేశంలో ఉన్న హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రామే. ఆ పాలు తిరిగి వచ్చేది మన ఇంటికే.

బూజు బాగా పట్టిన సంచీ అయితే మూతికి మాస్కు కట్టుకుని, దులపకుండా, రెండు కవర్లలో గట్టిగా కట్టండి. వీధి కుండీ దగ్గర వదిలితే అర్ధరాత్రికి కుక్కలు చింపుతాయి. పొద్దున్న జీవీఎంసీ చెత్త బండి వచ్చినప్పుడు చేతికే ఇచ్చి, బూజు తిండి అని చెప్పండి. పెరడు ఉంటే లోతుగా గొయ్యి తీసి పూడ్చవచ్చు. డబ్బా, చెంచా, గిన్నెలు వేడి నీళ్ళు, సబ్బుతో కడిగి ఎండబెట్టండి. ఫిర్యాదు పూర్తయ్యాక ఖాళీ సంచీని బ్లేడుతో నాలుగు గాట్లు పెట్టి పారేయండి. బాగున్న సంచీ కనబడితే పాత సామాన్ల వాళ్ళు తీసుకెళ్ళి అమ్ముతారు, ఎవరో అందులో బియ్యం పోసుకుంటారు.